మూడు కొడితే మనిషి రావాలి

ఆ గురువారం మునీంద్ర చేయవలసిన పనులు ఇవి:

తొమ్మిదింటికి షాపు తెరవాలి.
ఛాంపియన్ రీఫ్‌లో ఎస్తరమ్మగారింటికి వెళ్ళాలి. నిన్న బిగించిన కెమెరా బెల్లు బాగానే ఉంది, లోపలి పాత గంట మాత్రం గుయ్యిమంటోందట.
కెమెరాకు అందే కరెంటు ఎంతో మీటరు పెట్టి చూడాలి.
ఫోన్ యాప్‌లో గంట రకం సరిగ్గా ఎంచుకున్నామో లేదో చూడాలి.
గంట మూత విప్పి తీగల బిగింపు చూడాలి.
పెద్దాయన మంచం పక్క స్విచ్చు మోగుతోందా? (అన్నిటికంటే ముందు ఇది.)
సాయంత్రం టేకల్ బస్సు దొరికితే అమ్మకు కంటి చుక్కల మందు.

ముందు చేయాల్సిన పనిని ఆరోదిగా రాసుకున్నాడు కాబట్టి దాని కింద రెండు గీతలు గీశాడు. ఆ గీతలు ఏంజెలిన్ కోసం. ఎస్తరమ్మ కూతురు ఏంజెలిన్ రోజూ తెల్లవారుజామునే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరులో ఉద్యోగానికి పోయి, రాత్రికి తిరిగొస్తుంది. ఈ ఉదయం రైల్లోంచే ఫోన్ చేసింది. వెనక చాయ్ అమ్మేవాడి కేక, చక్రాల మోత.

“తమ్ముడూ, నువ్వు పెట్టిన కెమెరా పనిచేయకపోయినా నాకేం బాధ లేదు. నాన్న బెల్లు మాత్రం మోగాల. అది మోగకుంటే నేను ఈ ట్రైనెక్కలేను. అర్థమైందా?”

“అర్థమైంది అక్కా. ముందు అదే చూస్తాను.”

అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ ఇంట్లో అడుగు పెట్టగానే నేరుగా ఏంజెలిన్ తండ్రి జయరాజు గదిలోకి వెళ్ళాడు.

మునీంద్రది టేకల్ దగ్గర పల్లె. తండ్రి ఆంజినప్పకు రాగి చేను, రెండు పాడి ఆవులు. ఆ ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాడు మునీంద్రే. ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేటలో శశికుమార్ షాపులో కెమెరాలూ బెల్లులూ బిగించే పని. చేరి నాలుగు నెలలైంది. ప్రతి డబ్బాలోని ఇంగ్లీషు కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా, వేలు పెట్టి చదువుతాడు. “డిగ్రీ ఇచ్చినోళ్ళు భయాన్ని కూడా పట్టాలోనే చుట్టి ఇచ్చినారురా నీకు,” అని శశికుమార్ నవ్వుతాడు.

జయరాజుకు డెబ్బై దాటాయి. ఊళ్ళోని బంగారు గని మూతపడేదాకా ఇరవై ఎనిమిదేళ్ళు భూమి లోపల బెల్‌మ్యాన్‌గా పనిచేశాడు. మనుషులను దించి ఎక్కించే కేజ్ దగ్గర నిలబడి, పైన యంత్రం నడిపే డ్రైవరుకు గంట కొట్టి సంగతి చెప్పడం ఆయన పని. కింద పీల్చిన రాతిధూళి ఇప్పుడు ఊపిరితిత్తుల్లో కూర్చుంది. రోజంతా ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉండాలి. మాట్లాడితే ఆయాసం, అరవడం అసలే కుదరదు. అందుకని మంచం పక్కన గోడకు ఒక చిన్న స్విచ్చు. అది నొక్కితే హాల్లోని పాత గంట మోగుతుంది. వీధి తలుపు స్విచ్చుకు అదే గంట “టింగ్ టాంగ్” అని రెండు పలుకులు పలుకుతుంది, మంచం స్విచ్చుకు ఒక్క “టింగ్” మాత్రమే. గని మూసేశాక ఆఫీసర్ల బంగళాల సామాను అమ్ముతుంటే జయరాజు ఆ గంటను కొని తెచ్చి తానే బిగించుకున్నాడు.

మునీంద్ర స్విచ్చు ఒకసారి నొక్కాడు. హాల్లో “టింగ్” అని స్పష్టంగా వినిపించింది. నిన్న బిగించి వెళ్ళేటప్పుడు కూడా ఇలాగే నొక్కి చూశాడు, ఇలాగే మోగింది. హమ్మయ్య అనుకుని కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు.

మంచం మీద జయరాజు అరచెయ్యి ఎత్తి పోలీసువాడిలా ఆపాడు. కళ్ళల్లో నవ్వు.

“ఒకటి... కొడితే... ఆపు... అని.”

గుమ్మంలో నిలబడ్డ ఎస్తరమ్మ నవ్వింది. “వాళ్ళ గని లెక్క నాయనా. ఒకటి కొడితే ఆపు, యాడుండేది ఆడే ఉండు అని. రెండు కొడితే దించు. మూడు కొడితే మనిషి ఎక్కుతాడు అని. ఈ ఇంట్లో కూడా అదే రూలు. మూడు కొట్టినాడంటే మనిషి రావాల, నేను పరిగెత్తల్ల. రెండైతే తల కింద దిండు దించాల. ఒకటైతే ఏం ఒద్దు, ఊరికే గొణగద్దు, నీ పని చూసుకో అని.”

“నాకు ఒకటే ఎక్కువ కొడతాడు,” అని గొంతు తగ్గించి చేర్చింది.

మునీంద్ర కూడా నవ్వాడు. కానీ ఇంత మనిషి ప్రాణం ఒక బొత్తాం మీద ఆధారపడి ఉన్న ఇల్లు అతను ఇంతకు ముందు చూడలేదు. నిన్న తను మార్చిన సంగతులన్నీ మనసులో మళ్ళీ ఒకటొకటిగా తీసి చూసుకున్నాడు. గంటకు కరెంటిచ్చే పాత ట్రాన్స్‌ఫార్మరు ఎనిమిది వోల్టులది. కెమెరాకు పదహారు కావాలని కాగితంలో ఉంది. అందుకే పెద్దది పెట్టాడు. అన్నీ పుస్తకం ప్రకారమే.

హాల్లో, జయరాజు గది తలుపు పక్కనే ఆక్సిజన్ మిషను. దాని మోతకు నిద్ర పట్టదని జయరాజు దాన్ని గదిలో పెట్టనివ్వలేదు. సీసాలో నీళ్ళు బుడబుడమంటుంటే, సన్నటి గొట్టం గడప మీదుగా గదిలోకి పాకిపోయింది. మునీంద్ర స్టూలు వేసుకుని గంట మూత విప్పాడు. గుప్పెడు బూడిదరంగు దుమ్ము అతని చొక్కా మీద రాలింది. గనిలో బంగారం తీశాక పారబోసిన పొడి, సైనేడు దిబ్బల దుమ్ము. ఎండాకాలం గాలికి ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోకీ వచ్చేదే.

రాతిధూళితో పాడైన ఊపిరితిత్తులున్న మనిషి ఇంట్లో ఈ దుమ్ము లేపుతున్నానే అని అతనికి భయం వేసింది. గబగబా దిగాడు.

“అమ్మా, పెద్దాయన గది తలుపు వేసేస్తాను. దుమ్ము లోపలికి పోకుండా.”

“వెయ్యి నాయనా. ఆ బుద్ధి మావోళ్ళకు గూడా పుట్టదు,” అంది ఎస్తరమ్మ, సంగటికి నీళ్ళు పెట్టడానికి వంటింట్లోకి పోతూ.

ఆ తలుపు ఎప్పుడూ ఓరగానే ఉండేది. పాత టేకు తలుపు, కింద గడపకు రాసుకుంటుంది. మునీంద్ర భుజం ఆనించి నెట్టి, గట్టిగా బిగించాడు.

మళ్ళీ స్టూలెక్కి తీగల మరలు ఒక్కొక్కటీ చూస్తున్నాడు. కొంతసేపటికి చెవి పక్కనే “టింగ్” మంది. ఉలిక్కిపడి గోడ పట్టుకున్నాడు.

“ఎన్ని?” వంటింట్లోంచి ఎస్తరమ్మ.

“ఒకటేనమ్మా.”

“ఆపు అంటున్నాడు. నువ్వు చేసే సద్దుకు విసుగొచ్చింటాది. రవ్వంతసేపు ఆగు, తర్వాత చేసుకుందువు.”

మునీంద్ర ఆగాడు. స్క్రూడ్రైవరు గాల్లోనే పట్టుకుని, చప్పుడు చేయకుండా, గని మనిషి మాటకు మర్యాదగా నిలబడిపోయాడు. ఆ నిశ్శబ్దంలో వినిపించింది ఆ గుంయ్ శబ్దం. గంట లోపలి రాగితీగ చుట్టలోంచి. తుమ్మెద డబ్బాలో ఇరుక్కున్నట్టు. ఈ ఇంటివాళ్ళు చెప్పింది దీని గురించే. కెమెరా బెల్లులు పాత గంటల గుండా ఎప్పుడూ కొంచెం కరెంటు లాగుతుంటాయి, దాంతో గంట గుయ్యిమనవచ్చని కాగితంలో ఉంది. ఫోన్ తీసి యాప్ తెరిచాడు. గంట రకం మెకానికల్ అనే ఉంది. మీటరు పెట్టాడు. పదహారు. అన్నీ సరిగానే ఉన్నాయి. అన్నీ సరిగా ఉండడమే అతన్ని ఇంకా భయపెట్టింది.

శశికుమార్‌కు ఫోన్ చేశాడు.

“అన్నా, గుంయ్‌మని ఆగి ఆగి వస్తా ఉంది.”

“ఆగి ఆగి అంటే?”

“మూడుసార్లు వస్తాది, ఆగుతాది. రవ్వంత సేపు పోయినాక మళ్ళీ మూడు.”

“లూజు కనెక్షన్‌రా. మరలు బిగించు. దానికి గూడా ఫోనా? నీ డిగ్రీని మీ ఆవుల కొట్టంలో కట్టేసి రా,” అని పెట్టేశాడు.

మునీంద్ర మరలు బిగించాడు. ప్రతి దాన్నీ పావు చుట్టు. చెమట కళ్ళల్లోకి కారుతోంది. కెమెరా లాగే కరెంటైతే ఎడతెగకుండా గుయ్యిమనాలి కదా, ఇలా ఆగి ఆగి ఎందుకొస్తుంది? ఆ ప్రశ్న మనసులోకి వచ్చింది. లూజు కనెక్షనే అని చెప్పింది పదేళ్ళ అనుభవం, నాలుగు నెలలవాడు ఎదురు ప్రశ్న వేయకూడదని దాన్ని పక్కకు నెట్టేశాడు.

“టింగ్.”

“మళ్ళీ ఒకటేనా?” అని ఎస్తరమ్మ కెలికే కర్ర చేత్తో పట్టుకునే హాలు గుమ్మం దాకా వచ్చింది. కర్రకు సంగటి అంటుకుని ఉంది. “మళ్ళీ ఆపు అంట. ఈరోజు ఈయనకేం బేజారో నాకు తెలీలేదు. పొద్దున నిన్ను చూసి నగినాడు గదా.”

“నేను పోయి చూసి వద్దునా అమ్మా?”

“ఒద్దు నాయనా. ఒకటి కొట్టినప్పుడు పోతే కోపం చేసుకుంటాడు. దాంతో దగ్గు పట్టుకుంటాది.”

ఆమె వంటింట్లోకి పోయింది. మునీంద్ర గంటలోకి తొంగి చూశాడు. రెండు రాగి చుట్టలు, ఒక్కోదానిలో వేలంత ఇనుప కడ్డీ. స్విచ్చు నొక్కితే కడ్డీ ఎగిరి రేకును కొడుతుంది, వదిలితే వెనక్కి పడాలి. కుడివైపుది మంచం స్విచ్చుది. అది వెనక్కి పడలేదు. ఎగిరిన చోటే, రేకుకు ఆనుకుని, నల్లటి జిగురులో ఇరుక్కుని నిలబడి ఉంది. చూస్తుండగానే నత్తలా కిందికి జారడం మొదలుపెట్టింది.

చూపుడువేలు కడ్డీ మీద పెట్టాడు. వేలి కింద అది వణికింది. గుంయ్. ఆగింది. మళ్ళీ వణికింది. గుంయ్. ఆగింది. మళ్ళీ.

మూడు.

ఇనుము తనంతట తాను వణకదు. ఎవరో నొక్కుతున్నారు. మూడుసార్లు నొక్కి, ఆగి, మళ్ళీ మూడుసార్లు నొక్కుతున్నారు. మొదటి నొక్కుకు కడ్డీ ఎగిరి ఇరుక్కుపోతే, తర్వాతి రెండూ మోగక గుయ్యిమని చచ్చిపోతున్నాయి. పైకి వినిపించేది ఒక్కటే. ఆ ఒక్కటినీ ఈ ఇల్లు రావద్దని అర్థం చేసుకుంటోంది.

ఆక్సిజన్ మిషను వైపు చూశాడు. మోత ఉంది. సీసాలో బుడగలు లేవు.

“అమ్మా!” ఆ కేక తనదేనని మునీంద్రకు తెలియలేదు. స్టూలు మీద నుంచి దూకాడో పడ్డాడో కూడా తెలియలేదు. మోకాలు నేలకు కొట్టుకుంది. తలుపు లాగాడు. రాలేదు. కింద, తలుపుకూ గడపకూ మధ్య, గొట్టం కాగితంలా నలిగి కనిపించింది. దాన్ని బిగించింది తన భుజమే. రెండు చేతులతో గొళ్ళెం పట్టుకుని, కాలు గోడకు తన్ని లాగాడు. తలుపు తెరుచుకుంది.

జయరాజు మంచం అంచున ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. పెదవులు నేరేడుపండు రంగు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒక చెయ్యి గోడ మీద ఉంది, ఆ బొటనవేలు ఇంకా స్విచ్చు మీదే. నొక్కాడు. వదిలాడు. నొక్కాడు.

ఎస్తరమ్మ కర్ర పారేసి పరిగెత్తింది. ఆయన్ని పట్టుకుని తన భుజానికి ఆనించుకుంది. “రాజూ, నన్ను చూడు. మెల్లంగా. మెల్లంగా ఇడువు.” మునీంద్ర గడప దగ్గర కూలబడి, నలిగిన గొట్టాన్ని రెండు వేళ్ళ మధ్య దొర్లించాడు. చెమటకు వేళ్ళు జారాయి. చొక్కాకు తుడుచుకుని మళ్ళీ దొర్లించాడు. వెనక సీసాలో బుడగ ఒకటి లేచింది. రెండోది. తర్వాత బుడబుడమని వరస.

ఆపైన చేయడానికి ఏమీ లేకపోయింది. చూడడమే. జయరాజు ఛాతీని చూస్తూ ఆ గడప మీదే కూర్చున్నాడు. వంటింట్లోంచి సంగటి మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు. పెదవుల మీద నీలం కొంచెం కొంచెంగా తేలికపడి, మామూలు రంగుకు రావడానికి పావుగంటకు పైనే పట్టింది. మునీంద్రకు అది ఒక పంటకాలమంత పొడుగ్గా తోచింది.

మొదట మాట్లాడింది జయరాజే.

“మూడు... కొట్టినాను... నేను.”

“ఒకటే వినిపించింది రాజూ! దేవుని తోడు, ఒకటే!” అంది ఎస్తరమ్మ. “వినపడకుంటే ఇడవకుండా నొక్కుండచ్చు గదా. పదిసార్లు, ఇరవైసార్లు! ఎవరైనా వచ్చుందురు గదా!”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“అట్లా... కొట్టకూడదు. తప్పుగంట... కొడితే... పైనోడు కేజ్... తప్పుగా కదిలిస్తాడు. మనుషులు... నలుగుతారు. మూడంటే... మూడే. వినకపోతే... ఆగి... మళ్ళీ మూడు.”

“గని మూసి ఇరవై ఏండ్లు దాటింది. అందరూ పైకి వచ్చేసినారు. నువ్వు ఇంగా కిందనే ఉండావా?” అంటూ ఎస్తరమ్మ ఆయన వీపు మీద మెత్తగా ఒక దెబ్బ వేసింది. వేసి, అక్కడే తల పెట్టుకుని ఏడ్చింది.

మునీంద్ర లేచి నిలబడ్డాడు. చెప్పకుండా ఉండడం అతనికి చేతకాలేదు.

“అమ్మా, తప్పు నాది. తలుపు వేసింది నేను. కింద గొట్టం ఉందో లేదో చూడలేదు. ఇంకోటి గూడా ఉండాది. పాత ట్రాన్స్‌ఫార్మరుకు కడ్డీ మెల్లంగా ఎగిరి తిరిగి పడేది. నేను పెట్టినదాని బలానికి ఎగిరి పోయి జిగురులో కూర్చుంది. నిన్న, ఈరోజు, రెండుసార్లూ ఒక్కసారే నొక్కి చూసినాను. మోగింది గదా అని టిక్కు పెట్టుకున్నాను. మూడుసార్లు నొక్కి చూసుంటే నిన్ననే తెలిసిండేది.”

ఎస్తరమ్మ జయరాజు ముక్కు దగ్గర గొట్టం సరిచేసి, మునీంద్రకేసి తిరిగింది. అడిగింది ఒకటే. “జిగురు యాడిది?”

మునీంద్ర గంటలోంచి కడ్డీ తీసి తెచ్చి చూపించాడు. నల్లగా, వేలికి అంటుకుంటోంది. ముక్కు దగ్గర పెట్టుకున్న ఎస్తరమ్మ ముఖం మారిపోయింది.

“కొబ్బరినూనె. ప్రతి క్రిస్మస్‌కూ ఇల్లు తుడిచినప్పుడు గంటలో ఒక చుక్క వేస్తాను నాయనా. బాగా పలకాలని.”

ఏళ్ళ తరబడి చుక్క చుక్కగా నూనె, దాని మీద దిబ్బల దుమ్ము. రోడ్డు వేసే తారులా గట్టిపడింది. “వీటికి నూనె వేయకూడదమ్మా, పొడిగానే ఉండాల,” అని మాత్రం అన్నాడు మునీంద్ర. ఆమె తల వంచుకుంది. ఆ తల వంచుకోవడం చూశాక అతనికి తన తప్పు తగ్గినట్టు కాక, ఇంకా బరువెక్కినట్టు అనిపించింది.

ముందు తలుపు సంగతి చూశాడు. అది మళ్ళీ మూసుకోకుండా గడప లోపలివైపు ఒక చెక్కముక్క మేకులు కొట్టి బిగించాడు. తర్వాత స్పిరిట్‌తో రెండు కడ్డీలూ, రెండు చుట్టల లోపలా గుడ్డ నల్లబడకుండా వచ్చేదాకా తుడిచాడు. ఒక్క చుక్క తడి లేకుండా ఆరనిచ్చి బిగించాడు. మూత పెట్టలేదు. స్విచ్చు తాను నొక్కలేదు.

“అయ్యా, మీరే నొక్కండి. మీరు ఎట్లా నొక్కుతారో అట్లనే.”

జయరాజు బొటనవేలు పెట్టాడు. టింగ్. టింగ్. టింగ్. కడ్డీ ప్రతిసారీ టక్కున వెనక్కి పడింది. “మళ్ళీ,” అన్నాడు మునీంద్ర. టింగ్, టింగ్, టింగ్. పదిసార్లు నొక్కించాడు, పదిసార్లూ స్టూలు మీద నిలబడి కడ్డీనే చూశాడు. పదకొండోసారి జయరాజు నొక్కింది ఒక్కటే.

“ఆపు అంటున్నాడు,” అంది ఎస్తరమ్మ ముక్కు చీదుకుంటూ. ఈసారి అది నిజంగానే ఒకటి.

ఇక ఏంజెలిన్‌కు చెప్పాలి. వీధి అరుగు మీదికి వచ్చి ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు, తలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాడు. అవతల ఎవరో కంప్యూటరు కీలు కొడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి.

“అక్కా?”

“ఉండాను. ఆఫీసులో అందరూ ఉండారు, ఇప్పుడు నేను ఏడిస్తే బాగుండదు. నాన్నను నొక్కమని చెప్పి ఫోన్ గంట పక్కన పెట్టు.”

పెట్టాడు. గంట మూడుసార్లు పలికింది.

“ఇంగోసారి.”

మళ్ళీ మూడు.

“సరే,” అంది. తర్వాత చాలా మెల్లగా, “తమ్ముడూ, నువ్వు వేలు పెట్టి చూడకుండా మూత మూసి పోయుంటే?” అంది. జవాబు కోసం ఆగకుండా ఫోన్ పెట్టేసింది.

సామాను సర్దుకుని బయల్దేరుతుంటే ఎస్తరమ్మ గేటు దాకా వచ్చింది. చేతిలో మాడిన అడుగు తీసేసిన సంగటి ముద్ద, ఆకులో కట్టింది. తీసుకోవడానికి అతని చెయ్యి రాలేదు. ఆమే సంచిలో పెట్టింది.

“నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను,” అంది. “రెండు దినాలు ఉంటాది. మూడో దినం వచ్చి ఆ గంట ఇంగోసారి చూసి పో.”

“వస్తానమ్మా.”

“మావోణ్ణి ప్రార్థనలో జ్ఞాపకం చేసుకో అప్పా.”

మునీంద్ర తడబడ్డాడు. “మాది చర్చి కాదమ్మా. ప్రార్థన ఎట్లా చేయాలో నాకు తెలీదు.”

“తెలుసులే. మీ ఇంట్లో దీపం పెడతారు గదా? అప్పుడు పేరు తలుచుకో, చాలు. వినేవాడు వింటాడు.”

ఆ సాయంత్రం పల్లెలో తల్లి దీపం వెలిగిస్తుంటే మునీంద్ర పక్కన నిలబడి ఆ పేరు పైకే చెప్పాడు. ఎవరని తల్లి అడిగింది. జరిగిందంతా చెప్పాడు. మర్నాటి నుంచి ఆమె కూడా ఆ పేరు చెబుతోంది.

జయరాజు ఇప్పుడూ ఛాంపియన్ రీఫ్‌లో ఆ గదిలోనే ఉన్నాడు. ఊపిరి ఒక్కోరోజు బాగుంటుంది, ఒక్కోరోజు బాగుండదు. బాగుండని రోజుల్లో మూడు కొడతాడు, ఎస్తరమ్మ పరిగెత్తుతుంది. ఇది చదివినవాళ్ళు ఎవరైనా సరే, చర్చికి పోయేవాళ్ళయినా, దీపం పెట్టేవాళ్ళయినా, రెండూ లేనివాళ్ళయినా, మీ అలవాటు ప్రకారం ఆయన్ని ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. పేరు జయరాజు.